బండి సంగతి: హీటర్ కాయిల్‌కి డబ్బు కట్టే ముందు

ప్రశ్న: మాది కావలి. నేను హైస్కూల్లో టీచర్ని. మా డీజిల్ కారు కొని ఆరేళ్లయింది, డెబ్బై వేల కిలోమీటర్లు తిరిగింది. సంక్రాంతి సెలవుల్లో మా అత్తగారిని తీసుకుని ఊటీ వెళ్లాం. పొద్దున ఆరింటికి లాడ్జి దగ్గర కారు తీసి హీటర్ వేస్తే ఇరవై ఐదు నిమిషాలైనా చల్లగాలే. పాపం మా అత్తగారు కాళ్లు సీటు మీదికి ముడుచుకుని, శాలువా పైన దుప్పటి కప్పుకుని కూర్చున్నారు. దొడ్డబెట్ట ఎక్కేటప్పుడు కాస్త వెచ్చబడింది. మేట్టుపాళయం వైపు ఘాట్ దిగుతుంటే మళ్లీ చల్లబడింది, అప్పుడు టెంపరేచర్ ముల్లు అడుగు గీత దగ్గరే ఉంది. ఇంటికొచ్చాక ఒక మెకానిక్‌కి చెబితే "మన ఎండలకి హీటరెందుకు మేడమ్" అని నవ్వేశాడు. ఇంకొకాయన హీటర్ కాయిల్ పోయిందనీ, డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలనీ, పద్దెనిమిది వేలవుతుందనీ చెప్పాడు. మా వారికి డెహ్రాడూన్ బదిలీ అయ్యేలా ఉంది కాబట్టి హీటర్ లేకుండా కుదరదు. కాయిల్ మార్పించేయమంటారా? అన్నట్టు, పోయిన మే నెలలో సింగరాయకొండ దగ్గర ఇంజన్ హీటెక్కి ఆగిపోతే బాగు చేయించాం. ఆ తర్వాత ఏ ఇబ్బందీ రాలేదు, మైలేజీ కొంచెం తగ్గింది అంతే.
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: అమ్మా, ఆ పద్దెనిమిది వేలూ ప్రస్తుతానికి బ్యాంకులోనే ఉండనివ్వండి. మీరు "అన్నట్టు" అని చివర్లో తగిలించిన మాట ఉంది చూశారూ, నాకు అసలు సంగతి అక్కడే కనపడింది. మేలో ఇంజన్ హీటెక్కింది, ఎవరో బాగు చేశారు, జనవరిలో హీటర్ పని చేయలేదు. ఈ మూడూ ఒకే కథ అని నా అనుమానం. బాగు చేసినాయన థర్మోస్టాట్ తీసి అవతల పారేసి ఉంటాడు.

ఆయన్ని నేను తిట్టను. ఎందుకు తిట్టనో కాసేపట్లో చెబుతాను.

ముందు హీటర్ సంగతి. పెట్రోలు, డీజిలు కార్లలో హీటర్ అంటే ప్రత్యేకంగా పొయ్యి ఏమీ ఉండదు. ఇంజన్ చుట్టూ తిరిగి కాగిన కూలెంట్‌నే, అంటే ఇంజన్‌ని చల్లబరిచే మందు కలిపిన నీళ్లనే, రెండు సన్నటి పైపుల్లో డ్యాష్‌బోర్డు వెనక్కి తెస్తారు. అక్కడ అరచేతి కంటే కాస్త పెద్ద రేడియేటర్ ఒకటి ఉంటుంది. షెడ్లలో హీటర్ కాయిల్ అనేది దాన్నే. బ్లోవర్ దాని మీదుగా గాలి కొడుతుంది, ఆ గాలి మీ కాళ్ల మీదికి వస్తుంది. అంటే ఇంజన్‌లో నీళ్లు కాగితేనే మీకు వెచ్చదనం. ఇంజనే చల్లగా ఉంటే కొత్త కాయిల్ కాదు, వెండి కాయిల్ వేసినా గాలి చల్లగానే వస్తుంది.

ఆ నీళ్లు త్వరగా కాగేలా చూసేది థర్మోస్టాట్. మన చెరువు తూముకి షట్టర్ ఎలాగో ఇంజన్‌కి అది అలాగ. బండి స్టార్ట్ చేసినప్పుడు మూసుకుని ఉంటుంది. నీళ్లు బండి ముందున్న పెద్ద రేడియేటర్‌కి పోకుండా ఇంజన్‌లోనే తిరిగి, కొద్ది నిమిషాల్లో వేడెక్కుతాయి. చాలా కార్లలో 82 నుంచి 88 డిగ్రీల మధ్య అది మెల్లగా తెరుచుకోవడం మొదలెడుతుంది, అప్పుడే రేడియేటర్‌కి నీళ్లు వదులుతుంది. షట్టర్ పీకేస్తే? మొదటి నిమిషం నుంచే నీళ్లన్నీ రేడియేటర్‌కి పోయి చల్లబడి వస్తుంటాయి. ఊటీ చలిలో ఆ ఇంజన్ ఎప్పటికి కాగాలి, మీ అత్తగారి కాళ్లు ఎప్పటికి వెచ్చబడాలి!

మీ ఘాట్ రోడ్డు ముక్క చదవగానే నా అనుమానం ఇంకా గట్టిపడింది. ఎక్కేటప్పుడు ఇంజన్ కష్టపడుతుంది కాబట్టి ఎలాగో కాస్త వేడి పుడుతుంది. దిగేటప్పుడు దానికి పనే లేదు, పైగా ఎదురు నుంచి చలిగాలి రేడియేటర్‌ని తాకుతూ ఉంటుంది. అయినా మంచి థర్మోస్టాట్ ఉన్న బండిలో ముల్లు అడుగుకి జారదు, ఎందుకంటే షట్టర్ మళ్లీ మూసుకుంటుంది. మీ బండిలో మూసుకోవడానికి షట్టర్ లేదు, లేదా ఉన్నా తెరుచుకునే బిగుసుకుపోయింది. మైలేజీ తగ్గడం కూడా ఇందులోదే. ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ దానికి డీజిల్ కాస్త ఎక్కువే పోయిస్తుంది.

మరి మే నుంచి జనవరి దాకా ఈ సంగతి ఎందుకు బయటపడలేదు? కావలిలో హీటర్ నాబ్ తిప్పేదెవరమ్మా! మన దగ్గర ఆ నాబ్ ఎర్రగీత వైపు తిరిగిందంటే పిల్లలు ఆడుకుంటూ తిప్పి ఉండాలి. నలభై డిగ్రీల ఎండలో, ట్రాఫిక్‌లో థర్మోస్టాట్ లేని ఇంజన్ కూడా బాగానే వేడెక్కుతుంది, ముల్లు మధ్యలోకి వచ్చి కూర్చుంటుంది. ఎవరికీ తెలియదు.

ఇప్పుడు ఎందుకు తిట్టనో చెబుతాను. నెల్లూరు ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు షెడ్డు నడిపినవాణ్ణి. మొదటి పదేళ్లూ రోహిణి కార్తెలో హీటెక్కి వచ్చిన ప్రతి బండికీ నేను చేసిన వైద్యం ఇదే. మా గురువు నేర్పిందీ అదే. పీకిన థర్మోస్టాట్లు ఒక నూనె డబ్బాలో పడేసేవాళ్లం, మా పిల్లవాడు వాటిని బొంగరాల్లాగా తిప్పి ఆడుకునేవాడు. ఒకసారి ఉదయగిరి వైపు నుంచి ఒక జీపు వచ్చింది. డిసెంబరు నెల. ఆయిల్ మూత విప్పితే దాని అడుగున మీగడ లాగా తెల్లగా పేరుకుని ఉంది. ఇంకేముంది, హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజన్ పైమూతకీ బ్లాకుకీ మధ్య ఉండే రేకు, పోయి ఆయిల్లో నీళ్లు కలిశాయనుకున్నా. రెండు రోజులు కూర్చుని హెడ్డు దింపాను. గ్యాస్కెట్ నిక్షేపంగా ఉంది. పక్క షెడ్డులో మద్రాసులో పని నేర్చుకున్న ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయన టీ గ్లాసు పట్టుకుని వచ్చి, హెడ్డు వైపు కూడా చూడకుండా ఒకటే అడిగాడు: "ఏందబ్బయా, దీని థర్మోస్టాట్ యాడ?"

అది నా డబ్బాలో ఉంది. మేలో నేనే పీకాను. జీపు రోజూ పొద్దున్నే నాలుగు కిలోమీటర్లు పొలానికి పోయి రావడమే, ఇంజన్ ఎన్నడూ సరిగ్గా కాగింది లేదు. లోపల పట్టిన చెమ్మ ఆవిరైపోక ఆయిల్‌తో కలిసి మీగడ కట్టింది. ఆ రెండు రోజుల కూలీ నేను అడగలేదు, అడిగే మొహం కూడా లేదు.

ఇంకొక మాట. థర్మోస్టాట్ పీకితే బండి తప్పకుండా చల్లగా నడుస్తుందన్నది కూడా పూర్తి నిజం కాదు. కొన్ని ఇంజన్లలో అది రెండు పనులు చేస్తుంది. రేడియేటర్ దారి తెరిచేటప్పుడు, ఇంజన్‌లోనే చుట్టూ తిరిగే అడ్డదారిని మూసేస్తుంది. దాన్ని పీకేస్తే అడ్డదారి ఎప్పటికీ తెరిచే ఉంటుంది. నీళ్లలో కొంత భాగం రేడియేటర్ మొహమే చూడకుండా తిరుగుతుంది. అలాంటి బండి చలికాలంలో కాగదు, ఎండాకాలంలో మళ్లీ హీటెక్కుతుంది. రెండు విధాలా నష్టమే.

సరే, ఇదంతా ఉత్తరం చదివి నేను ఊహించింది. చెయ్యి పెట్టి చూడాల్సింది మీరు. మెకానిక్ అక్కర్లేదు, మీ వారిని ఒక్క పొద్దున అరగంట కేటాయించమనండి.

రాత్రంతా ఆగి ఉన్న బండి కావాలి. ముందు బోనెట్ ఎత్తి కూలెంట్ డబ్బా చూడండి, పక్కన రెండు గీతలుంటాయి. నీళ్లు కింద గీత కంటే దిగువన ఉంటే ఆ సంగతి ముందు చూడాలి. కూలెంట్ తక్కువైతే మొట్టమొదట ఆకలికి మాడేది డ్యాష్‌బోర్డు వెనకున్న ఆ చిన్న కాయిలే. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు మాత్రం ఆ మూత ముట్టుకోవద్దు. లోపల ఒత్తిడి ఉంటుంది, మరిగే నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి. నా ఎడమ ముంజేతి మీద మచ్చ అలా వచ్చిందే.

తర్వాత బండి స్టార్ట్ చేసి, ఇంజన్ నుంచి రేడియేటర్ పైభాగానికి పోయే లావు రబ్బరు పైపుని నిమిషానికోసారి తాకి చూడండి. పైట చెంగు, చున్నీ, గాజులు ఫ్యాన్ దగ్గరికి పోనివ్వొద్దు, కరెంటు ఫ్యాన్ ఎప్పుడు తిరుగుతుందో చెప్పిరాదు. థర్మోస్టాట్ బాగుంటే ఆ పైపు చాలాసేపు చల్లగానే ఉంటుంది. ముల్లు దాదాపు మధ్యకి వచ్చాక, ఉన్నట్టుండి చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. థర్మోస్టాట్ లేకపోతే మొదటి రెండు మూడు నిమిషాల్లోనే పైపు గోరువెచ్చన అవుతుంది, ఆ తర్వాత అలా మెల్లమెల్లగా పెరుగుతూనే ఉంటుంది. ఆ తేడా ఒక్కసారి చేతికి తెలిస్తే ఇక మర్చిపోరు. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ కింది పైపు వైపు ఉంటుంది, అక్కడ ఈ పరీక్ష కింది పైపుకి చేయాలి.

బండి పూర్తిగా కాగాక హీటర్ నాబ్ ఎర్రగీత చివరికి తిప్పి, బ్లోవర్ వేసి, ఇంజన్ వెనక గోడలోంచి లోపలికి పోయే ఆ రెండు సన్నటి పైపుల్ని గుడ్డ అడ్డం పెట్టి తాకండి. రెండూ కాలుతుంటే కాయిల్‌కి వేడి నీళ్లు అందుతున్నాయి, తప్పు లోపల గాలి మళ్లించే రేకుది. నాబ్ వెనక కేబుల్ ఊడినా ఇదే జరుగుతుంది, పది నిమిషాల పని. ఒకటి కాలుతూ రెండోది చల్లగా ఉంటే కాయిల్ పూడుకుపోయినట్టు, అప్పుడు ఆ రెండో మెకానిక్ చెప్పిందాంట్లో నిజం ఉంది. అప్పుడు కూడా విప్పే ముందు నీళ్ల ఒత్తిడితో కడిగి చూడమనండి, చాలాసార్లు తెరుచుకుంటుంది. రెండూ గోరువెచ్చగానే ఉంటే లోపం ఇంజన్ వైపే. మీ బండికి ఇదే వస్తుందని నేను పందెం కాస్తాను.

ఇంకొకటి కూడా చెవి పెట్టి వినండి. హీటర్ వేసినప్పుడు డ్యాష్‌బోర్డు వెనక ఆకలి కడుపులాగా గుడగుడమంటూ, యాక్సిలరేటర్ తొక్కితే వెచ్చటి గాలి, వదిలేస్తే చల్లగాలి వస్తుంటే అది ఎయిర్ లాక్. నీళ్లు మార్చినప్పుడు లోపల గాలి సరిగ్గా తీయకపోతే ఇలా అవుతుంది.

ఒకవేళ థర్మోస్టాట్ ఉండే ఉంటే విప్పించి ఇంటికి తెచ్చుకోండి. దాన్ని పరీక్షించడానికి గిన్నెడు నీళ్లు, స్టవ్వు చాలు. దారం కట్టి గిన్నె అడుగు తగలకుండా నీళ్లలో వేలాడదీయాలి. దాని నడుమ ఇత్తడి గుండీ లాంటిది ఉంటుంది, అందులో ఉన్నది మైనం. నీళ్లు కాగేకొద్దీ మైనం కరిగి ఉబ్బి, స్ప్రింగుని నెట్టి వాల్వుని తెరుస్తుంది. ఎన్ని డిగ్రీలకి తెరవాలో దాని మీదే 82 అనో 88 అనో చెక్కి ఉంటుంది. గిన్నె అడుగున చిన్న బుడగలు లేస్తున్నప్పుడు చూస్తూ ఉండండి. ముందు వెంట్రుకవాసి సందు, తర్వాత వేలి గోరు దూరేంత. నీళ్లు తెర్లేసరికి బాగా తెరుచుకోవాలి. బయటికి తీసి చల్లారనిస్తే మళ్లీ బిర్రుగా మూసుకోవాలి. చల్లగా ఉన్నప్పుడే వెలుతురు కనపడిందంటే అది పోయినట్టే. మా ఇంట్లో ఈ పరీక్ష ఉప్మా గిన్నెలో చేశాను. మా ఆవిడ ఆ గిన్నెని మళ్లీ వంటింట్లోకి రానివ్వలేదు, ఇప్పుడది మా షెడ్డులో నట్లు కడగడానికి ఉంది. కాబట్టి పాత గిన్నె చూసుకోండి. కూలెంట్ విషం, తియ్యగా ఉంటుంది, పిల్లలూ కుక్కలూ నాకే చోట ఒలకనివ్వద్దు.

కొత్త థర్మోస్టాట్ ఖరీదు కాయిల్ పని ముందు లెక్కలోది కాదు. అయితే తొందరపడి అదొక్కటే బిగించి ఊరుకోకండి. మేలో మీ బండి ఎందుకు హీటెక్కిందో ఎవరైనా చెప్పారా? థర్మోస్టాట్ పీకడంతో ఆ రోగం దాక్కుని ఉంటుంది, తిరిగి బిగిస్తే వచ్చే ఎండాకాలం మళ్లీ తలెత్తుతుంది. రేడియేటర్ రెక్కల్లో దుమ్ము, పురుగులు పట్టాయా, ఫ్యాన్ రెండో స్పీడు తిరుగుతోందా, వాటర్ పంపు దగ్గర తడి ఉందా, రేడియేటర్ మూత ఒత్తిడి నిలుపుతోందా, ఇవన్నీ చూపించి అప్పుడు బిగించమనండి. షెడ్డులో బండి కంప్యూటర్‌ని చదివే స్కానర్ ఉంటే కూలెంట్ వేడి ఎంతుందో అంకెల్లో చూపమనండి. ఇరవై నిమిషాలు హైవే మీద నడిపాక కూడా అరవై డెబ్బై దగ్గరే ఆగితే ఇక వాదన అక్కర్లేదు. పి0128 అని ఫాల్ట్ కోడ్ వచ్చినా అర్థం అదే.

డెహ్రాడూన్ పోతున్నారు కాబట్టి పైగా ఇంకో పని. మేలో దారిలో ఆగినప్పుడు బాటిళ్లతో మామూలు నీళ్లు పోసి ఉంటారు. అవి మొత్తం తీయించి, నీళ్లు కలపని చిక్కటి కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోయించండి. ఆ పాళ్లలో అది సున్నాకి ముప్పై డిగ్రీలు కిందికి పోయినా గడ్డకట్టదు. ఉత్త నీళ్లతో ముస్సోరీలో రాత్రి బండి ఆపితే, లోపల మంచు కట్టి రేడియేటర్, ఒక్కోసారి ఇంజన్ బ్లాకే పగులుతుంది.

అన్నీ సరిచేశాక కూడా డీజిల్ బండి పెట్రోలు బండి అంత త్వరగా వెచ్చబడదు, అది దాని గుణం. డీజిల్ ఇంజన్ ఇంధనాన్ని పొదుపుగా వాడుతుంది, వృథా అయ్యే వేడి తక్కువ. చలిలో పది నిమిషాల దాకా పడితే కంగారుపడకండి. ఇంటి ముందు ఆన్ చేసి నిలబెట్టి వేడెక్కిద్దామనుకోవద్దు, చలిలో నిలబడి ఉంటే అది ఓ పట్టాన కాగదు. అర నిమిషం ఆగి, నెమ్మదిగా నడుపుతూ పోవడమే మేలు. మొదట్లో బ్లోవర్ ఒకటో నంబరు మీద ఉంచండి, పుట్టిన కాస్త వేడినీ ఎగరగొట్టేయకుండా.

ప్రశ్న: నేను టాక్సీ నడుపుతాను, కనిగిరి వైపు. దారిలో కూలెంట్ తగ్గితే బోరు నీళ్లు పోస్తుంటాను. మా నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది కదా, దానివల్ల ఇంజన్ పాడవుతుందా?
– ఒక డ్రైవర్

జవాబు: ఫ్లోరైడ్ మన పళ్లనీ ఎముకల్నీ పట్టుకుంటుంది గానీ, తమ్ముడూ, ఇంజన్‌ని పట్టుకునేది ఆ నీళ్ల కాఠిన్యం. మీ ఇంట్లో నీళ్లు కాచే బిందె లోపల తెల్లగా సున్నం కడుతుంది కదా, గోటితో గీకినా రాదు. అదే పొర రేడియేటర్ గొట్టాల్లోనూ కడుతుంది. హీటర్ కాయిల్ గొట్టాలు మరీ సన్నం కాబట్టి ముందు అవే పూడుకుంటాయి. దారిలో వేరే గతి లేకపోతే పోయండి, ఇంజన్ కాలిపోవడం కంటే నయం. ఇంటికొచ్చాక మాత్రం తీసేయించండి. డిక్కీలో రెండు లీటర్ల డిస్టిల్డ్ వాటర్ డబ్బా పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు. అయినా కూలెంట్ మాటిమాటికీ ఎందుకు తగ్గుతోంది? అది తాగేసే బండి కాదు. కారుతున్న చోటు వెతకండి. ముందు సీటు కింద కార్పెట్ తడిగా, కారులో తియ్యటి వాసన, లోపలి అద్దానికి జిడ్డు పొర ఉంటే హీటర్ కాయిలే కారుతోంది.

ప్రశ్న: నవంబరు వానల్లో ముందు అద్దం మసకబారుతుంది. ఏసీ వేస్తే ఒక్కోసారి పోతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువవుతుంది. ఎందుకని?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: రెండూ వేరువేరు మసకలు. వేలితో లోపల గీయండి. గీత పడితే అది లోపలి చెమ్మ, మన ఊపిరీ తడి గొడుగులదీ. గాలిని అద్దం వైపు మళ్లించి, ఏసీ వేసి, నాబ్ కాస్త వేడి వైపు తిప్పి, బయటి గాలి లోపలికి వచ్చేలా పెట్టండి. ఏసీ చెమ్మని లాగేస్తుంది, వేడి అద్దాన్ని ఆరబెడుతుంది. మన దగ్గర హీటర్‌కి ఉన్న ఒకే ఒక్క నిజమైన పని ఇది. లోపల గీత పడకపోతే మసక బయట ఉంది. ఏసీతో అద్దం మరీ చల్లబడి బయటి తేమ దాని మీద పేరుకుంది. అప్పుడు ఏసీ తగ్గించి, గాలి అద్దానికి తగలకుండా మళ్లించి, వైపర్ ఒకసారి వేయండి.

ప్రశ్న: ఎలక్ట్రిక్ కారు కొనాలనుకుంటున్నాను. ఇంజనే లేదు కదా, హీటర్ ఎలా పని చేస్తుంది?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: ఇస్త్రీపెట్టె లాగా కరెంటుతో. అందుకే ఎలక్ట్రిక్ కారులో హీటర్ వేసిన నిమిషంలోనే వెచ్చగాలి వస్తుంది, నీళ్లు కాగేదాకా ఆగక్కర్లేదు. కాకపోతే పెట్రోలు బండిలో ఆ వేడి ఎలాగూ వృథా పోయేది, ఇక్కడ మాత్రం బ్యాటరీ లోంచే తీయాలి. చలి ప్రాంతాల్లో ఒక్క ఛార్జింగ్‌తో పోయే దూరం బాగా తగ్గేది అందుకే. కొన్నిటిలో హీట్ పంప్ పెడతారు, అది ఏసీని తిరగేసి నడిపినట్టు, కరెంటు తక్కువ తింటుంది. ఒంగోలులో ఉండేవాళ్లు దానికోసం అదనంగా డబ్బు పెట్టక్కర్లేదు. ఆ డబ్బుతో అద్దాలకి మంచి ఎండ తెరలు కొనుక్కోండి.